డీజిల్ ‘హైబ్రిడ్’ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? బ్యాడ్జ్ కాదు, ఇంజిన్ చూడాలి

తిరుపతి, చిత్తూరు సెకండ్ హ్యాండ్ కార్ల దగ్గర ఇప్పుడు వినిపించే మాట ఒకటుంది. "ఇది మామూలు డీజిల్ కాదన్నా, హైబ్రిడ్. మైలేజీ చూస్తే మీరే ఆశ్చర్యపోతారు." వెనుక ‘ఎస్‌హెచ్‌వీఎస్’ అనే బ్యాడ్జ్ ఉన్న మారుతి సియాజ్, ఎర్టిగా బండ్లను చూపించి చెప్పే మాట ఇది. 2015 సెప్టెంబర్‌లో సియాజ్, అక్టోబర్‌లో ఎర్టిగా ఈ బ్యాడ్జ్‌తో మార్కెట్‌లోకి వచ్చాయి. అంటే మొదటి బండ్లకు పదేళ్లు నిండాయి. మొదటి ఓనర్లు వదిలించుకునే వయసు, రెండో మూడో ఓనర్లు కొనుక్కునే వయసు ఇదే.

కొనేవాళ్లలో మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఏడుగురు కూర్చునే ఎర్టిగా అయితే అబ్బా, అమ్మీ, పిల్లలు, నానీ అందరూ ఒకే బండిలో సర్దుకుంటారు. వేలూరు ఆస్పత్రికి, కడప దర్గాకు, బంధువుల నికాహ్‌కు, గల్ఫ్‌కో ఉమ్రాకో వెళ్లేవాళ్లను చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి అదే బండి. కొందరికి అదే బతుకుదెరువు కూడా. డ్రైవింగ్, మెకానిక్ పని, టింకరింగ్ మీద బతికే ఇళ్లు ఈ రెండు జిల్లాల్లో తక్కువేమీ కాదు. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బో, చీటీ పాడిన డబ్బో పెట్టి కొన్న బండి ఆరు నెలల్లో ఇంజిన్ పనికి వస్తే ఇల్లు తలకిందులవుతుంది. అందుకే ‘హైబ్రిడ్’ అన్న మాటలో ఎంత సరుకు ఉందో ముందే తెలుసుకోవాలి.

ముందు ఇంజిన్ సంగతి. ఇది 1,248 సీసీ, నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్. సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 82. పవర్ 90 పీఎస్, టార్క్ 200 ఎన్‌ఎం. టైమింగ్ బెల్టు కాదు, టైమింగ్ చైన్. అసలు డిజైన్ ఇటలీ కంపెనీ ఫియట్‌ది, మల్టీజెట్ అంటారు. లైసెన్స్ తీసుకుని మారుతి మానేసర్‌లో తయారు చేసింది. స్విఫ్ట్, డిజైర్, ఫియట్ పుంటో, లీనియా, టాటా ఇండికా విస్టా, మాంజా... పవర్‌లో కొంచెం తేడాతో అన్నిట్లోనూ ఇదే ఉండేది కాబట్టి దీన్ని సరదాగా ‘నేషనల్ ఇంజిన్’ అనేవాళ్లు. దీని వల్ల ఒక పెద్ద లాభం ఉంది. ఈ ఇంజిన్ విప్పి బిగించడం రాని డీజిల్ మెకానిక్ తిరుపతిలో దొరకడం కష్టం. స్పేర్ పార్టులకూ ఇబ్బంది లేదు.

ఇక హైబ్రిడ్ సంగతి. ‘స్మార్ట్ హైబ్రిడ్ వెహికల్ బై సుజుకి’ అన్నదే ఎస్‌హెచ్‌వీఎస్. మామూలు కార్లలో ఇంజిన్‌కు బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ ఉంటుంది కదా, దాని స్థానంలో ఇందులో ఇంకాస్త పెద్ద యంత్రం పెట్టారు. అది జనరేటర్‌గా కరెంటు తయారు చేస్తుంది, అవసరమైతే మోటార్‌గా మారి ఇంజిన్‌ను తిప్పుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగితే ఇంజిన్ దానంతట అదే ఆగిపోయి, క్లచ్ నొక్కగానే చప్పుడు లేకుండా స్టార్ట్ అవుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత బ్యాటరీలోకి వెళ్తుంది. పికప్ తీసేటప్పుడు మోటార్ కొంచెం సాయం పడుతుంది. అంతే. ఈ బండి ఒక్క మీటరు కూడా కరెంటు మీద నడవదు. బ్యాటరీ కూడా లిథియం కాదు, మామూలు దానికంటే సామర్థ్యం ఎక్కువున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఇన్నోవా హైక్రాస్ లాంటి అసలైన హైబ్రిడ్‌తో దీన్ని పోల్చడం అంటే మోపెడ్‌ను బుల్లెట్‌తో పోల్చినట్టే.

మైలేజీ లెక్క చూద్దాం. హైబ్రిడ్ రాకముందు సియాజ్ డీజిల్ అధికారిక మైలేజీ 26.21 కిలోమీటర్లు, వచ్చాక 28.09. అంటే పెరిగింది ఏడు శాతం. ఎర్టిగాలో 20.77 నుంచి 24.52కు వెళ్లింది, దాదాపు 18 శాతం. ఒకే ఇంజిన్, ఒకే హైబ్రిడ్ సిస్టమ్. అయినా ఒకదానిలో ఏడు, ఇంకోదానిలో పద్దెనిమిది ఎలా వస్తుంది? ఎర్టిగాలో పెరిగినదంతా హైబ్రిడ్ పుణ్యం కాదన్నమాట. అదే సమయంలో బండిలో చేసిన మిగతా మార్పుల వాటా కూడా అందులో కలిసే ఉండాలి. పైగా ఇవన్నీ ల్యాబ్ లెక్కలు. రోడ్డు మీద ఎంత వస్తుందన్నది డ్రైవర్ కాలిని బట్టి ఉంటుంది.

సియాజ్ ఏడు శాతాన్నే తీసుకుందాం. హైబ్రిడ్ లేకుండా లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండిని ఒక కుటుంబం ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిప్పుతుందనుకుంటే, హైబ్రిడ్ వల్ల మిగిలేది 29 లీటర్లు. లీటరు 97 రూపాయల లెక్కన 2,800 రూపాయలు. నెలకు చూస్తే 235. (సరిహద్దు దాటి తమిళనాడులోనో కర్ణాటకలోనో ట్యాంకు నింపుకుని వచ్చే చిత్తూరు డ్రైవర్లకు ఇంకా తక్కువే మిగులుతుంది!) టాక్సీగా ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరిగే బండి అయితే 14,000 దాకా మిగులుతుంది, అది చెప్పుకోదగ్గ డబ్బే. కానీ ఇంటి అవసరానికి కొనేవాళ్లు ‘హైబ్రిడ్’ అన్న పేరుకు పాతిక వేలో ముప్పై వేలో ఎక్కువ పెడితే అవి వెనక్కి రావడానికి పదేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆ బండి ఉంటుందా?

మరి కంపెనీ ఇంత చిన్న ఏర్పాటును అంత పెద్ద పేరుతో ఎందుకు అమ్మింది? సగం జవాబు ఢిల్లీలో ఉంది. 2015 ఏప్రిల్‌లో కేంద్రం ‘ఫేమ్’ పథకం మొదలుపెట్టింది. ఎలక్ట్రిక్ బండ్లతో పాటు ఇలాంటి చిన్న హైబ్రిడ్‌లకూ సబ్సిడీ దక్కింది. పేరుకు ఎలక్ట్రిక్ బండ్ల పథకం, డబ్బులేమో డీజిల్ బండ్లకు వెళ్తున్నాయని విమర్శలు వచ్చాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి మైల్డ్ హైబ్రిడ్‌లకు సబ్సిడీ ఆపేశారు. అదే ఏడాది జూలైలో జీఎస్టీ వచ్చి, నాలుగు మీటర్ల కన్నా పొడవైన హైబ్రిడ్ కార్ల మీద సెస్సుతో కలిపి పన్ను 43 శాతానికి చేరింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ ఇంజిన్లకే సెలవు చెప్పేసింది. సియాజ్ కూడా 2025లో ఆగిపోయింది. అంటే సెకండ్ హ్యాండ్‌లో దొరికే ప్రతి మారుతి డీజిల్ హైబ్రిడ్ కనీసం ఐదేళ్లు దాటినదే.

ఘాట్ రోడ్డులో హైబ్రిడ్ ఏం చేస్తుంది?

ఈ ప్రాంతంలో బండికి అసలు పరీక్ష ఘాట్ రోడ్డే. తిరుమల కొండకు 1944 నాటి పాత రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండో రోడ్డు ఎక్కడానికి. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్తే మొగిలి ఘాట్, తిరుపతి నుంచి పీలేరు వైపు వెళ్తే భాకరాపేట ఘాట్. ఎక్కేటప్పుడు హైబ్రిడ్ మోటార్ సాయం కొన్ని సెకన్లే. ఆ తర్వాత మోసేదంతా డీజిల్ ఇంజినే. ఈ ఇంజిన్‌కు టర్బో అందుకునేదాకా, అంటే దాదాపు 2,000 ఆర్‌పీఎం దాకా, ఊపు తక్కువ. ఏడుగురితో, పైన లగేజీతో మలుపులో రెండో గేరు నుంచి లాగలేక డ్రైవర్ సగం క్లచ్ మీద నెట్టుకొస్తాడు. ఈ బండ్లలో క్లచ్ త్వరగా అరిగిపోవడానికి మొదటి కారణం అదే. మలుపుకు ముందే గేరు తగ్గిస్తే ఆ ఖర్చులో చాలాభాగం తప్పుతుంది.

దిగేటప్పుడు జరిగే తప్పు ఇంకా పెద్దది. డీజిల్ మిగులుతుందని చాలామంది న్యూట్రల్‌లో వదిలేస్తారు. ప్రాణాల మీదకు వచ్చే అలవాటు ఇది, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. తిరుమల నుంచి దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని సమయం పెట్టింది ఊరికే కాదు. ప్రమాదం సంగతి పక్కన పెట్టినా, న్యూట్రల్‌లో లాభం కూడా లేదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఇంజెక్టర్లు డీజిల్ పంపడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతూ డీజిల్ తాగుతూనే ఉంటుంది. హైబ్రిడ్‌లో ఇంకో నష్టం కూడా ఉంది. కరెంటు తయారు చేసే యంత్రం బెల్టుతో ఇంజిన్‌కే కట్టి ఉంది కదా, న్యూట్రల్ వేయగానే చక్రాలకూ దానికీ సంబంధం తెగిపోతుంది. కొండ దిగేటప్పుడు ఊరికే రావాల్సిన చార్జింగ్ పోతుంది. హైబ్రిడ్‌కు ఎక్కువ డబ్బు పెట్టి, దాన్ని న్యూట్రల్‌లో దింపితే కొన్నదాన్ని కొండ మీదే వదిలేసి వచ్చినట్టు.

గేరులో దిగినా ఆ చిన్న బ్యాటరీ పట్టుకునేది కొంచెమే. 2022 సెప్టెంబర్ నుంచి తిరుమలకు తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులకు, దీనికి తేడా అక్కడే. బస్సులో పెద్ద బ్యాటరీ ఉంది కాబట్టి దిగేటప్పుడు వచ్చే శక్తిని దాచుకుని మళ్లీ వాడుకోగలదు. ఇందులో దాచుకునే చోటే లేదు.

ఎక్కడెక్కడ పాడవుతుంది?

అన్నిటికంటే భయపడాల్సింది టైమింగ్ చైన్. ఆయిల్ సరిగా మార్చని బండ్లలో ఈ చైన్ సాగుతుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ బలహీనపడుతుంది. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ పక్క నుంచి డబ్బాలో గొలుసు కదిలించినట్టు గరగర వినిపిస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని వదిలేస్తే ఒకరోజు చైన్ పన్ను జారి, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అప్పుడిక రిపేరు కాదు, ఇంజిన్ పనే. ఈ ఇంజిన్ మీద నమ్మకంతో ‘ఇంకో రెండు వేలు తిరగనీ’ అంటూ ఆయిల్ మార్పు వాయిదా వేసేవాళ్లు చేతులారా తెచ్చుకునే కష్టం ఇది.

తర్వాత టర్బో, ఈజీఆర్ వాల్వు. 90 పీఎస్ ఇంజిన్‌లో టర్బోకు కదిలే రెక్కలు ఉంటాయి. ఊళ్లోనే నెమ్మదిగా తిరిగే బండిలో మసి పేరుకుని ఆ రెక్కలు ఇరుక్కుంటాయి, ఈజీఆర్ పూడుకుపోతుంది. బండి లాగదు, నల్లటి పొగ వస్తుంది, ఇంజిన్ లైట్ వెలుగుతుంది. ‘టర్బో పోయింది’ అని వేలు చెప్పే ముందు ఈజీఆర్ శుభ్రం చేయించి చూడమని అనుభవమున్న మెకానిక్‌లే అంటారు. ఇంకో చిన్న జాగ్రత్త. కొండ ఎక్కి బండి ఆగగానే టర్బో బాగా కాలి ఉంటుంది, అదే సమయంలో ఐడిల్ స్టాప్ ఇంజిన్‌ను ఆపేయవచ్చు. దాన్ని ఆపే బటన్ డ్యాష్‌బోర్డు మీదే ఉంది. ఘాట్ మొదలయ్యే ముందు ఒకసారి నొక్కితే సరిపోతుంది.

ఇక హైబ్రిడ్ భాగాలు. వీటిలో ముందు పోయేది బ్యాటరీ. మాటిమాటికీ ఆగి స్టార్టయ్యే బండికి ఆ పనికి తగ్గ బ్యాటరీయే కావాలి. పాతది పోయినప్పుడు రెండు మూడు వేలు తక్కువని మామూలు బ్యాటరీ వేయించేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, ఏ తేడా కనపడదు. కానీ ఐడిల్ స్టాప్ పనిచేయడం మానేస్తుంది, మోటార్ సాయమూ ఉండకపోవచ్చు. అంటే బ్యాడ్జ్ హైబ్రిడ్, బండి మామూలు డీజిల్. ఇలా ‘చచ్చిపోయిన’ హైబ్రిడ్‌లో తిరుగుతూ ఆ సంగతే తెలియని ఓనర్లు ఉంటారు. 1985లో పుట్టిన అమరరాజా ఫ్యాక్టరీ కరకంబాడిలో, తిరుపతి పక్కనే ఉంది. బ్యాటరీల ఊరి పక్కన ఉండి తప్పు బ్యాటరీ వేయించుకోవడం కంటే విడ్డూరం ఉండదు! పాత బ్యాటరీ మీద రాసి ఉన్న రకం, సామర్థ్యం చూసి, అదే అడిగి తీసుకోవాలి.

బెల్టు కూడా అంతే ముఖ్యం. మామూలు బండిలో ఆల్టర్నేటర్ బెల్టు ఒకవైపు పనే చేస్తుంది. ఇందులో ఇంజిన్ మోటార్‌ను తిప్పుతుంది, మోటార్ ఇంజిన్‌నూ తిప్పుతుంది. బెల్టు, టెన్షనర్ మీద భారం ఎక్కువ. కీచుమన్న శబ్దం వస్తే వెంటనే మార్పించాలి, ఖర్చు పెద్దదేమీ కాదు. మోటార్ యూనిట్ పోతే మాత్రం మిగతా ఇంజిన్ పార్టుల్లా ప్రతి షాపులో దొరకదు, ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాల్సి రావచ్చు.

ఈ యూనిట్ గురించి ఒక విషయం. మారుతి పెట్రోల్ స్మార్ట్ హైబ్రిడ్‌లలో మోటార్ జనరేటర్ యూనిట్‌లో లోపం ఉండొచ్చని 2019 డిసెంబర్‌లో 63,493 బండ్లను, 2021 సెప్టెంబర్‌లో పెట్రోల్ మోడళ్లనే 1,81,754 బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి చెక్ చేసింది. డీజిల్ బండ్లు ఆ జాబితాలో లేవు. అయినా అమ్మేవాళ్లలో కొందరు రెంటినీ కలిపేసి చెప్తారు కాబట్టి తేడా తెలిసి ఉండాలి. పెట్రోల్ ఎర్టిగానో సియాజో కొనేవాళ్లు చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ షోరూంలో గానీ ఆ పని జరిగిందో లేదో చూసుకోవచ్చు.

2021 రీకాల్ సమయంలో కంపెనీ ఒక సూచన కూడా చేసింది. నీళ్లు నిలిచిన చోట బండి నడపొద్దు, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దు అని. సరిగ్గా రెండు నెలలకు, నవంబర్‌లో, తిరుపతి మునిగింది. వీధుల్లో కార్లు నీళ్లలో తేలడం అందరూ చూసినదే. ఆ నీళ్లు చూసిన బండ్లు కొన్ని ఇప్పటికీ చేతులు మారుతుండొచ్చు. సీటు కింది రైలు తుప్పు పట్టిందా, కార్పెట్ కింద బురద ఉందా, ఏసీ వేస్తే ముక్క వాసన వస్తోందా అన్నవి పెట్రోల్ అయినా డీజిల్ అయినా చూడాల్సినవే.

ఢిల్లీ నుంచి వచ్చే బండ్లు

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధానికి 2018లో సుప్రీంకోర్టు కూడా మద్దతు పలికింది. 2025 జూలై 1 నుంచి అలాంటి బండ్లకు పెట్రోల్ బంకుల్లో డీజిల్ పోయొద్దన్నారు. గొడవ కావడంతో కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు కూడా వయసు ఒక్కటే చూసి ఓనర్ల మీద చర్య తీసుకోవద్దని తాత్కాలికంగా చెప్పింది. అయినా భయం పోలేదు. పదేళ్లకు దగ్గరైన డీజిల్ బండికి అక్కడ ధర పడిపోతుంది, ఇక్కడ 15 ఏళ్ల దాకా రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ తేడాయే వ్యాపారం.

ఢిల్లీ బండి అంటే చెడ్డదని కాదు. మీటరులో కిలోమీటర్లు తక్కువే ఉండొచ్చు. కానీ ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ గడిపిన డీజిల్ ఇంజిన్‌కు హైవే మీద తిరిగిన ఇంజిన్ కంటే మసి ఎక్కువ, క్లచ్ అరుగుదల ఎక్కువ. ఐడిల్ స్టాప్ ఎన్ని వేలసార్లు ఆపి స్టార్ట్ చేసిందో మీటరు చెప్పదు. కాగితాల ఖర్చు వేరే. అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ ఉండాలి, ఫైనాన్స్ తీరినట్టు ఆర్సీలో కనపడాలి. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టి ఏపీ నంబరు తీసుకోవాలి. ‘తర్వాత చూసుకుందాం’ అని వేరే రాష్ట్రం నంబరుతో ఏడాదికి మించి తిప్పడం చట్టప్రకారం కుదరదు.

నంబరు ప్లేటు కూడా కొంత చరిత్ర చెప్తుంది. పాత చిత్తూరు జిల్లా బండ్లకు ఏపీ 03 ఉండేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకటే సీరీస్, ఏపీ 39తో మొదలైంది. 2016 మోడల్ ఎర్టిగాకు ఏపీ 39 నంబరు ఉంటే అది ఇక్కడ పుట్టిన బండి కాదు, బయట నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ అయినది అనుకోవచ్చు. ‘డాక్టర్ గారి బండి, చిత్తూరులోనే తిరిగింది’ అని ఎవరైనా చెప్తే ముందు ఆ ప్లేటు చూడాలి.

డీజిల్ హైబ్రిడ్ కథ పూర్తిగా అయిపోలేదు. 2025 జూన్‌లో టొయోటా 2.8 లీటర్ల డీజిల్‌కు 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ జోడించి ఫార్చూనర్ నియో డ్రైవ్ తెచ్చింది. 204 పీఎస్, 500 ఎన్‌ఎం, లిథియం బ్యాటరీ. సూత్రం అదే, బెల్టుతో తిరిగే మోటార్ జనరేటరే. విడుదలైనప్పుడు ధర 44 లక్షల పైమాటే. అది మన మాట కాదు, కనీసం ఇంకో పదేళ్లకు సెకండ్ హ్యాండ్‌కు వచ్చేదాకా.

ఇప్పుడు బండి చూడటానికి వెళ్లేవాళ్లు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టాడంటే మర్నాడు మళ్లీ రమ్మన్నా వెళ్లాలి. బానెట్ మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి మొదటి స్టార్ట్ శబ్దం వినిపించాలి. తర్వాత ఒక పది కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ వేడెక్కాక, సీటు బెల్టు పెట్టుకుని, న్యూట్రల్ వేసి క్లచ్ వదిలి చూడాలి. ఇంజిన్ ఆగి, క్లచ్ నొక్కగానే మళ్లీ స్టార్ట్ అయితే హైబ్రిడ్ బతికే ఉంది. ఏసీ ఫుల్‌గా ఉన్నా, బ్యాటరీ చార్జ్ తక్కువున్నా అది ఆగకపోవచ్చు కాబట్టి రెండు మూడుసార్లు ప్రయత్నించాలి. ఎంతకీ ఆగకపోతే బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని గట్టిగా అడగొచ్చు, బండి మాత్రం తీసుకోవచ్చు. అదే పొద్దున చైన్ గరగరమని వినిపిస్తే, ఐడిల్ స్టాప్ ఎంత బాగా పనిచేసినా, అమ్మేవాడు ఎంత తగ్గిస్తానన్నా, ఇంకో బండి చూసుకోవడమే.